మత్తుకు కళ్ళెం: వయస్సు, మద్యం – ఒక పరిశోధన చరిత్ర

ఎంత తాగినా తూలనివాణ్ణి మెచ్చుకోవడం చాలా సమాజాల్లో ఉన్నదే. నాలుగు గ్లాసుల తర్వాత కూడా నిటారుగా నడిచే ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి చూసి స్నేహితులు ముచ్చటపడతారు. రెండో గ్లాసుకే కళ్ళు మూతలు పడే పెద్దమనిషిని ఆటపట్టిస్తారు. మొదటివాడి ఒంటికి మద్యం పడిందనీ, రెండవవాడికి పడలేదనీ లోకం తీర్పు. గత యాభై ఏళ్ళ వైద్యపరిశోధన ఈ తీర్పును దాదాపుగా తలకిందులు చేసింది. తాగినవాడిని ఆపేది మద్యం కలిగించే ఇబ్బందే. ఆ ఇబ్బంది తక్కువగా తెలిసేవాడికి ఆపేదీ తక్కువే. కౌమారంలో ఆ ఇబ్బంది అందరికన్నా తక్కువగా తెలుస్తుందని జంతుపరిశోధనలు చూపించాయి. ఈ అవగాహనకు వచ్చిన దారి తిన్ననిది కాదు. అందులో ప్రాచీన తత్త్వవేత్తల అనుశాసనాలు, కుక్కలపై ప్రయోగాలు, రబ్బరు కర్మాగారపు కార్మికులు, రోడ్డు ప్రమాదాల లెక్కలు, ఎలుకల బోనులు అన్నీ ఉన్నాయి.

ప్లేటో విధించిన వయోపరిమితి

వయస్సును బట్టి మద్యానికి హద్దు గీసిన ప్రాచీన గ్రంథాల్లో ప్లేటో చివరి రచన ‘లాస్’ ప్రసిద్ధమైనది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దికి చెందిన ఈ సంభాషణ క్రీట్ ద్వీపంలో నడుస్తుంది. రెండవ అధ్యాయంలో ఏథెన్సు నుంచి వచ్చిన అతిథి ఒక నియమాన్ని ప్రతిపాదిస్తాడు. 18 ఏళ్ళు నిండని బాలురు ద్రాక్షసారాయిని ముట్టరాదు. 30 ఏళ్ళ వరకు మితంగా తాగవచ్చు కాని మత్తెక్కేదాకా పోరాదు. 40 దాటినవారు విందుల్లో దాన్ని స్వేచ్ఛగా సేవించవచ్చు. దీనికి అతడు చెప్పిన కారణం ఆ కాలపు శరీరశాస్త్రానికి తగినట్టే ఉంది. యౌవనం స్వతహాగా నిప్పు వంటిది, దానిమీద మద్యం పోయడం నిప్పుకు నిప్పు తోడుచేయడమే. ముసలితనం ముడుచుకుపోయి బిరుసెక్కిన స్థితి, మద్యం దాన్ని మెత్తబరిచే మందు.

మన దేశంలో చరకసంహిత చికిత్సాస్థానంలోని 24వ అధ్యాయం మదాత్యయానికి కేటాయించినది. మదం మూడు దశల్లో వస్తుందని చరకుడు వర్ణించాడు. మొదటిది హాయిని, ఉత్సాహాన్ని ఇచ్చేది, చివరిది మనిషిని కట్టెలా పడేసేది. మద్యం తాగేటప్పుడు అన్నం, పానం, వ్యాధి, బలం, కాలంతోపాటు వయస్సును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ అధ్యాయం చెబుతుంది. అంటే రెండు నాగరికతలూ ఒక విషయాన్ని గమనించాయి. ఒకే మద్యం అందరిమీదా ఒకేలా పనిచేయదు, ఆ తేడాలో వయస్సుకు పాత్ర ఉంది. ఆ పాత్ర ఎటువంటిదో తేల్చడానికి కొలమానాలు కావాలి. అవి ఇరవయ్యో శతాబ్దంలోగాని రాలేదు.

రక్తంలో ఎంత, మత్తు ఎంత

1919లో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే ఆంగ్ల వైద్యశాస్త్రజ్ఞుడు కుక్కలకు ఆల్కహాలు పట్టించి, వాటి రక్తంలో దాని మోతాదును గంటగంటకూ కొలిచాడు. విటమిన్ డి పరిశోధనతో తరువాత ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడు ఇతడే. ఆల్కహాలు మోతాదు పెరుగుతున్నప్పుడు ఒక స్థాయి దగ్గర కుక్క తూలేది. కొంతసేపటికి మోతాదు తగ్గుముఖం పట్టి మళ్ళీ అదే స్థాయికి వచ్చినప్పుడు అంతగా తూలేది కాదు. రక్తంలోని అంకె ఒకటే అయినా మత్తు వేరు. ఆ కొద్ది గంటల్లోనే మెదడు ఆల్కహాలుకు సర్దుకుపోవడం మొదలుపెట్టిందన్నమాట. దీన్ని నేటికీ మెలన్‌బీ ప్రభావం అంటారు.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ విడ్‌మార్క్ మరో ముక్క జోడించాడు. తాగిన ఆల్కహాలు ఒంట్లోని కొవ్వులోకి పెద్దగా వెళ్ళదు, నీటిలో కలుస్తుంది. కాబట్టి మనిషి బరువు, అతని ఒంట్లో నీటి పాలు తెలిస్తే రక్తంలో ఆల్కహాలు ఎంత ఉంటుందో అంచనా వేయవచ్చు. 1932లో అతడు ప్రచురించిన సూత్రం ఇప్పటికీ న్యాయస్థానాల్లో వినిపిస్తుంది.

ఈ రెండూ కలిసి వయస్సు ప్రశ్నను రెండు భాగాలుగా విడదీశాయి. మొదటిది, వయస్సుతో ఒంట్లో ఆల్కహాలు మోతాదు మారుతుందా? రెండవది, మోతాదు ఒకటే అయినా మెదడు స్పందించే తీరు మారుతుందా? మొదటి ప్రశ్న వృద్ధుల విషయంలో, రెండవది పిల్లల విషయంలో కీలకమని తరువాత తేలింది.

ఏవగింపే మందుగా

మద్యం ఇచ్చే సుఖం అందరికీ తెలుసు. దాని బాధ కూడా ఒక రక్షణేనన్న సంగతి మాత్రం వైద్యులకు కొంత ఆలస్యంగా, కొంత యాదృచ్ఛికంగా తెలిసింది. 1935లో సియాటిల్ నగరంలోని షాడెల్ శానిటోరియంలో వాల్టర్ వోట్లిన్ అనే వైద్యుడు తాగుడు మానలేనివారికి ఒక చికిత్స మొదలుపెట్టాడు. వాంతి కలిగించే ఎమెటిన్ మందు ఇచ్చి, సరిగ్గా కడుపులో తిప్పడం మొదలయ్యే వేళకు వారి చేతికి విస్కీ గ్లాసు ఇచ్చేవాడు. కొన్నిసార్లు ఇలా జరిగాక విస్కీ వాసనకే వారికి కడుపులో తిప్పేది.

1937లో ఒక అమెరికన్ రసాయన కర్మాగారపు వైద్యుడు మరో విషయం గమనించాడు. రబ్బరు తయారీలో వాడే ఒక రకం గంధక రసాయనాలతో పనిచేసే కార్మికులు మద్యం ముట్టలేకపోతున్నారు. ముట్టుకుంటే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడేది. దశాబ్దం తర్వాత కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకోబ్సన్ అనే పరిశోధకులు ఆ కోవకు చెందిన డైసల్ఫిరామ్‌ను నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం తాగినప్పుడు వారికీ అదే అవస్థ. ఆల్కహాలు విరిగి ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం అవుతుంది. మామూలుగా శరీరం దాన్ని వెంటనే నిర్వీర్యం చేస్తుంది. ఈ మందు ఆ పనిని అడ్డుకుంటుంది. 1948లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి వెలువడింది. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ ఆ విధంగా వైద్యంలోకి వచ్చింది.

ఇదే అవరోధం జపాన్, చైనా, కొరియా దేశాల్లో ఎంతోమందికి పుట్టుకతోనే ఉంది. ఎసిటాల్డిహైడును విరగ్గొట్టే ఎంజైము వారిలో బలహీనమైనది. కొద్దిగా తాగినా ముఖం కందిపోతుంది, తలనొప్పి వస్తుంది. ఈ జన్యువును తల్లిదండ్రులిద్దరి నుంచీ పొందినవారు తాగుడుకు బానిసలు కావడం చాలా అరుదు. ఒక్కరి నుంచే పొందినవారి కథ వేరు. హిగుచి బృందం 1994లో ప్రచురించిన లెక్కల ప్రకారం జపాన్‌లో తాగుడు వ్యాధికి చికిత్స పొందుతున్నవారిలో ఇటువంటివారు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్ళలో జన్యువులు మారవు. మారింది సమాజం. ఒళ్ళు వద్దంటున్నా తాగించే వాతావరణం బలపడితే శరీరమిచ్చిన కళ్ళెం కూడా సడలుతుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

బాధ రక్షిస్తుందన్న మాటకు మరోవైపు నుంచి రుజువు కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నుంచి వచ్చింది. మనోవైద్యుడు మార్క్ షుకిట్ 1970ల చివర నుంచి ఇరవై ఏళ్ళ ప్రాంతపు యువకులను ప్రయోగశాలకు పిలిచి, కొలిచిన మోతాదులో ఆల్కహాలు ఇచ్చి, వారు ఎంత మత్తుగా ఉందని చెబుతున్నారో, ఎంత ఊగుతున్నారో నమోదు చేశాడు. దాదాపు పదేళ్ళ తర్వాత వారిని మళ్ళీ వెతికి పట్టుకున్నాడు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తాగుడు వ్యాధి ఉన్న తండ్రుల కొడుకుల్లో తక్కువగా స్పందించినవారిలో 56 శాతం ఆ వ్యాధికి లోనయ్యారు. బాగా మత్తెక్కినవారిలో 14 శాతమే లోనయ్యారు. ‘తట్టుకునే శక్తి’ అని లోకం మెచ్చుకున్నది వైద్యుడి దృష్టిలో ప్రమాద సూచికగా మారింది.

శాస్త్రం కన్నా ముందు వచ్చిన చట్టం

షుకిట్ పరీక్షించినవారందరూ పెద్దవారే. అంతకన్నా చిన్నవారి సంగతి అప్పటికి ప్రయోగశాలల్లో పెద్దగా చర్చకు రాలేదు. అది చర్చకు వచ్చింది అమెరికా రహదారుల మీద. 1933లో మద్యనిషేధం ఎత్తివేశాక చాలా రాష్ట్రాలు మద్యం కొనుగోలుకు కనీస వయస్సు 21గా నిర్ణయించాయి. అది అప్పటి ఓటుహక్కు వయస్సు, ఇంగ్లండు సంప్రదాయ న్యాయం నుంచి వచ్చిన అంకె. వియత్నాం యుద్ధకాలంలో 18 ఏళ్ళవాణ్ణి సైన్యానికి పంపుతూ ఓటు ఇవ్వకపోవడం అన్యాయమన్న వాదన బలపడి, 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఓటు వయస్సును 18 చేసింది. మద్యం కూడా ఆ వెంటే నడిచింది. 1970–75 మధ్య 29 రాష్ట్రాలు కనీస వయస్సును తగ్గించాయి.

మిషిగన్ 1972లో 18కి దించి, 1978 చివర్లో తిరిగి 21కి పెంచింది. అక్కడి ప్రమాదాల రికార్డులను అలెగ్జాండర్ వాగెనార్ వంటి పరిశోధకులు నిశితంగా పరిశీలించారు. వయస్సు పెంచాక యువచోదకుల ప్రమాదాలు తగ్గినట్టు తేలింది. 1980లో మద్యం మత్తులో ఉన్న చోదకుడి వల్ల కూతుర్ని పోగొట్టుకున్న క్యాండీ లైట్నర్ ‘మదర్స్ అగెనెస్ట్ డ్రంక్ డ్రైవింగ్’ సంస్థను స్థాపించింది. 1984 జూలై 17న అధ్యక్షుడు రీగన్ జాతీయ కనీస వయస్సు చట్టంపై సంతకం చేశాడు. 21 పాటించని రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే రహదారి నిధుల్లో కోత పడుతుంది. రాష్ట్రాల హక్కుల పేరిట సౌత్ డకోటా వేసిన దావాను 1987లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 1988లో చివరి రాష్ట్రంగా వయోమింగ్ దిగివచ్చింది.

ఈ చర్చలో ప్రధానంగా వినిపించినవి రోడ్లు, శవాలు, నిధులు, హక్కులు. కౌమారపు మెదడు మద్యానికి పెద్దల మెదడులా స్పందించదన్న వాదనకు అప్పటికి తగిన ఆధారం లేదు. చట్టం వచ్చిన పదేళ్ళ తర్వాతగాని ఆ ఆధారం కూడుకోవడం మొదలుకాలేదు.

పిల్లలకు బదులు ఎలుకలు

ఆలస్యానికి కారణం తేలికగానే ఊహించవచ్చు. ప్రయోగం కోసం పిల్లలకు మద్యం ఇవ్వడం నీతి కాదు, చాలాచోట్ల చట్టవిరుద్ధం. అరుదైన మినహాయింపు ఒకటి ఉంది. 1983లో అమెరికాలో జూడిత్ రాపొపోర్ట్ పాల్గొన్న బృందం 8 నుంచి 15 ఏళ్ళ బాలురకు కొద్ది మోతాదులో ఆల్కహాలు ఇచ్చి పరిశీలించిన అధ్యయనం ప్రచురితమైంది. పెద్దలను మత్తెక్కించగల మోతాదు రక్తంలో ఉన్నా, ఆ బాలుర ప్రవర్తనలో కనిపించిన మార్పు చాలా స్వల్పం. పరిశోధకులనే అది ఆశ్చర్యపరిచింది. పిల్లలు గనుక త్వరగా మత్తెక్కుతారన్న సామాన్యమైన ఊహకు అది విరుద్ధం.

ఇక మిగిలిన దారి ఎలుకలు. ఎలుక పుట్టిన 28వ రోజు నుంచి 42వ రోజు వరకు దాని కౌమారమని స్థూలంగా లెక్క. ఆ రోజుల్లో అది తోటి ఎలుకలతో ఎక్కువగా ఆడుతుంది, కొత్త చోట్లకు తెగించి పోతుంది. నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్వార్ట్స్‌వెల్డర్ బృందం, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయంలో లిండా స్పియర్ బృందం 1990లలో ఈ వయస్సు ఎలుకల మీద దృష్టి పెట్టాయి. 1998లో సిల్వెరి, స్పియర్ ప్రచురించిన ప్రయోగం సరళమైనది. వేర్వేరు వయస్సుల ఎలుకలకు నిద్రపుచ్చే మోతాదులో ఆల్కహాలు ఇచ్చారు. పిన్న ఎలుకలు పెద్దవాటికన్నా త్వరగా లేచాయి. అవి ఆల్కహాలును త్వరగా వదిలించుకుని ఉంటాయని అనుకోవచ్చు. లేచిన క్షణంలో వాటి మెదడులో ఉన్న ఆల్కహాలును కొలిస్తే, పెద్దవాటికన్నా ఎక్కువే ఉంది. అంత ఆల్కహాలు మెదడులో ఉండగానే అవి లేచి నిలబడగలిగాయి. మెలన్‌బీ కుక్కల్లో చూసిన తక్షణ సర్దుబాటు పిన్న వయస్సులో మరింత చురుకుగా ఉన్నదన్నమాట.

తరువాతి పదేళ్ళలో బింగమ్‌టన్ బృందం ఈ తేడాను ఒక్కొక్క లక్షణంలోనూ వెతికింది. తాగిన మర్నాడు పెద్ద ఎలుకలు ఆందోళనగా, ఎత్తైన బయలు పలకల మీదికి రావడానికి జంకుతూ కనిపించాయి. మనుషుల హ్యాంగోవర్‌కు ఇది జంతురూపం. కౌమారంలోని ఎలుకల్లో ఆ జంకు కనబడలేదు. ఏవగింపును కొలవడానికి జాన్ గార్సియా 1955లో కనిపెట్టిన పద్ధతిని వాడారు. తియ్యని నీరు తాగిన ఎలుకకు వెంటనే ఒంట్లో నలత కలిగితే అది ఆ రుచిని మళ్ళీ దగ్గరకు రానివ్వదు. గార్సియా దీన్ని రేడియేషన్‌తో చూపించాడు. రేడియేషన్‌కు బదులు ఆల్కహాలు వాడినప్పుడు, పెద్ద ఎలుకలకు ఏవగింపు కలిగించే మోతాదు కౌమారంలోని ఎలుకలకు చాల్లేదు, ఇంకా ఎక్కువ కావలసివచ్చింది.

సుఖం విషయంలో తక్కెడ రెండోవైపు మొగ్గింది. 2002లో వార్లిన్‌స్కయా, స్పియర్ చూపించిన ప్రకారం కొద్దిపాటి ఆల్కహాలు కౌమారంలోని ఎలుకలను తోటివాటితో మరింతగా ఆడించింది. పెద్దవాటిలో అదే పరిస్థితిలో ఆటపాటలు తగ్గాయేగాని పెరగలేదు. ఈ తేడా కౌమారపు తొలిరోజుల్లో బలంగా ఉండి, క్రమంగా సన్నగిల్లింది. ఇష్టం వచ్చినంత తాగనిస్తే కౌమారంలోని ఎలుకలు శరీర బరువును బట్టి చూస్తే పెద్దవాటికన్నా రెండు మూడు రెట్లు తాగిన ప్రయోగాలూ ఉన్నాయి. ఆపే సంకేతాలు మందగించి, లాగే సంకేతాలు బలపడిన వయస్సుకు ఇది ఎదురుచూడదగ్గ ఫలితమే.

తెలియకపోవడం వేరు, తగలకపోవడం వేరు

ఇంతవరకూ విన్నవారు పిన్న మెదడును మద్యం పెద్దగా తాకదేమో అనుకునే అవకాశం ఉంది. సరిగ్గా ఇక్కడే డ్యూక్ బృందం ఫలితాలు అడ్డుపడ్డాయి. జ్ఞాపకాలు రూపుదిద్దుకునే హిప్పోకాంపస్ నుంచి తీసిన సన్నని ముక్కలపై ఆల్కహాలు పోసి చూస్తే, కొత్త విషయం నేర్చుకోవడానికి ఆధారమైన నాడీప్రక్రియ పెద్ద ఎలుకల్లోకన్నా పిన్న ఎలుకల్లో ఎక్కువగా దెబ్బతిన్నది. 1998లో నీటితొట్టిలో మునిగి ఉన్న మెట్టును గుర్తుపెట్టుకుని వెతికే పరీక్షలోనూ కౌమారంలోని ఎలుకలే ఎక్కువ తడబడ్డాయి. అదే ఏడాది మనుషుల్లోనూ ఒక అధ్యయనం వచ్చింది. చట్టం ప్రకారం 21 దాటినవారినే తీసుకోగలిగారు. అయినా మద్యం తీసుకున్నాక 21–24 ఏళ్ళవారి జ్ఞాపకశక్తి 25–29 ఏళ్ళవారికన్నా ఎక్కువగా తగ్గింది.

కౌమారపు విచిత్రమంతా ఈ వైరుధ్యంలోనే ఉంది. నిద్ర, తూలుడు, వికారం, మర్నాటి నలత వంటి హెచ్చరికలు ఆలస్యంగా వస్తాయి. హెచ్చరిక లేని నష్టం మాత్రం ముందే జరిగిపోతుంది. మత్తు తెలియని పదహారేళ్ళవాడి జ్ఞాపకం అప్పటికే దెబ్బతింటూ ఉండవచ్చు.

కారణం మెదడు ఎదిగే క్రమంలో ఉందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆల్కహాలు ముఖ్యంగా రెండు నాడీవ్యవస్థలపై పనిచేస్తుంది. నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా వ్యవస్థను బలపరుస్తుంది, వాటిని ఉత్తేజపరిచే గ్లుటమేట్ వ్యవస్థను అణచుతుంది. ఈ రెండింటి గ్రాహకాలూ కౌమారంలో ఇంకా పెద్దల రూపానికి రావు. 1990ల చివర అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం అవే పిల్లల మెదళ్ళను కొన్నేళ్ళకొకసారి ఎమ్మారైతో చిత్రీకరించి, నుదుటి వెనుక భాగం ఇరవైల దాకా రూపు మార్చుకుంటూనే ఉంటుందని చూపించింది. తూకం వేసి ఆగమని చెప్పేది ఆ భాగమే. సుఖానికి స్పందించే డోపమిన్ వ్యవస్థ అంతకుముందే చురుకెక్కుతుంది.

వృద్ధాప్యం: రెండో కొస

వయస్సు రేఖకు రెండో కొసన మొదటి ప్రశ్న, అంటే రక్తంలో మోతాదు ప్రశ్న, ముందుకు వస్తుంది. 1977లో రాబర్ట్ వెస్టల్, బాల్టిమోర్‌లోని సహచరులు 21 నుంచి 81 ఏళ్ళ మధ్య ఉన్న 50 మంది ఆరోగ్యవంతులకు నరం ద్వారా ఆల్కహాలు ఎక్కించారు. కాలేయం దాన్ని వదిలించే వేగంలో వయస్సుతో తేడా కనిపించలేదు. కాని పెద్దవయస్కుల రక్తంలో గరిష్ఠ మోతాదు ఎక్కువగా ఉంది. విడ్‌మార్క్ చెప్పిన నీటిలెక్కే ఇక్కడి కీలకం. యువకుడి ఒంట్లో నీరు సుమారు 60 శాతం. వయస్సు మళ్ళేకొద్దీ కండ తగ్గి కొవ్వు పెరిగి, అది 50 శాతానికి దగ్గరవుతుంది. అదే గ్లాసు తక్కువ నీటిలో కలిస్తే చిక్కబడుతుంది. దీనికి తోడు ముసలి ఎలుకల్లో, చుంచుల్లో మెదడు కూడా ఎక్కువ స్పందిస్తుందని, అవి ఎక్కువసేపు నిద్రపోతాయని 1980ల ప్రయోగాలు చూపించాయి. ముసలితనాన్ని మెత్తబరిచే మందంటూ నలభై దాటినవారికి స్వేచ్ఛనిచ్చిన ప్లేటో ఇక్కడ పొరబడ్డాడనే చెప్పాలి. ఆయన నిషేధించిన వయస్సు సరైనదే, స్వేచ్ఛ ఇచ్చిన వయస్సులో మాత్రం మద్యం బలం పెరుగుతుంది.

అయితే బలం పెరిగినంత మాత్రాన హెచ్చరిక కూడా పెరుగుతుందని చెప్పలేం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 2009లో ప్రచురితమైన అధ్యయనంలో 50–74 ఏళ్ళవారికి, 25–35 ఏళ్ళవారికి మితమైన మోతాదు ఇచ్చి పరీక్షించారు. పెద్దవారి పనితీరు ఎక్కువగా మందగించింది. కాని తమకు ఎంత మత్తుగా ఉందో చెప్పమన్నప్పుడు వారి అంచనా ఆ మందగింపుకు తగినట్టు లేదు. కారు తాళాలు చేతిలో ఉన్న అరవై ఏళ్ళ మనిషికి ఇది చిన్న విషయం కాదు.

2014లో వెలువడిన డెన్మార్క్ సర్వే మరో చిక్కుముడి వేసింది. 18 నుంచి 94 ఏళ్ళ వరకు 50 వేలమందికి పైగా ఇచ్చిన సమాధానాల ప్రకారం అతిగా తాగిన తర్వాత తీవ్రమైన హ్యాంగోవర్ వచ్చినట్టు చెప్పడం వయస్సుతోపాటు తగ్గింది. వయస్సుతో హ్యాంగోవర్ ముదురుతుందన్న నానుడికి ఇది పూర్తిగా విరుద్ధం. ఎలుకల ఫలితాలతోనూ తేలికగా పొసగదు. దీనికి ఒక వివరణ ఉంది. హ్యాంగోవర్‌తో బాధపడేవారు కాలక్రమంలో తాగడం తగ్గిస్తారు. అరవై, డెబ్భై ఏళ్ళ వయస్సులో కూడా అతిగా తాగేవారు బహుశా మొదటినుంచీ ఆ బాధ తక్కువగా ఉన్నవారే. అదే నిజమైతే ఈ సర్వే కూడా షుకిట్ చెప్పిన మాటనే మరో విధంగా చెబుతోంది.

ఎలుక నుంచి మనిషికి

ఎలుకల ఫలితాలను మనుషులకు అన్వయించడంలో జాగ్రత్త అవసరం. ఎలుకకు పార్టీలు లేవు, ప్రకటనలు లేవు, తాగితే మగతనమన్న భావన లేదు. ఇంకొక సంగతి. ఎలుకల్లో స్పష్టంగా కనిపించిన తేడాలు కౌమారపు తొలి, నడిమి దశలవి. మనుషుల్లో అవి స్థూలంగా 12 నుంచి 18 ఏళ్ళకు సరిపోతాయి. కాబట్టి సరిగ్గా 21 అన్న అంకెను ఎలుకలు నిరూపించాయనడం అతిశయోక్తి. ఈ సందును పట్టుకునే 2008లో మిడిల్‌బరీ కళాశాల మాజీ అధ్యక్షుడు జాన్ మెకార్డెల్ ‘అమెథిస్ట్ ఇనిషియేటివ్’ ప్రారంభించాడు. చట్టం విద్యార్థులను చాటుమాటు తాగుడుకు తోస్తున్నదనీ, 21 గురించి పునరాలోచించాలనీ వందకు పైగా కళాశాలల అధ్యక్షులు సంతకాలు చేశారు. ప్రజారోగ్య నిపుణులు ప్రమాదాల లెక్కలు చూపించి దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చట్టం మారలేదు.

తాగుడు ప్రారంభించిన వయస్సుకూ తరువాతి వ్యసనానికీ ఉన్న సంబంధం విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే కావాలి. 1992 నాటి జాతీయ సర్వే ఆధారంగా గ్రాంట్, డాసన్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో 15 ఏళ్ళకు ముందే తాగడం మొదలుపెట్టినవారిలో 40 శాతానికి పైగా ఏదో ఒక దశలో మద్యానికి బానిసలయ్యారు. 20 లేదా ఆ తర్వాత మొదలుపెట్టినవారిలో అది సుమారు 10 శాతం. ముందుగా మొదలుపెట్టడమే కారణమా, లేక ముందుగా మొదలుపెట్టేలా చేసిన కుటుంబ పరిస్థితులు, జన్యువులు కారణమా అన్నది ఈ లెక్క ఒక్కటే తేల్చలేదు. ఇక్కడే ఎలుకల ప్రయోగం ఉపయోగపడుతుంది. ఎవరు ముందు తాగాలో పరిశోధకుడే నిర్ణయించవచ్చు గనుక జన్యువుల చిక్కు తొలగిపోతుంది. 2014లో స్పియర్, స్వార్ట్స్‌వెల్డర్ కలిసి రాసిన సమీక్ష అటువంటి ప్రయోగాల సారాంశాన్ని ఇచ్చింది. కౌమారంలో పదే పదే ఆల్కహాలు తాకిన ఎలుకలు పెద్దయ్యాక కూడా కొన్ని విషయాల్లో కౌమారపు ఎలుకల్లాగే స్పందిస్తున్నాయి. నిద్ర, ఏవగింపు తక్కువ, జ్ఞాపకశక్తి నష్టం ఎక్కువ. వయస్సుతో రావలసిన కళ్ళెం వాటికి రాకుండా పోయింది.

మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని ఇంకా ఖాయంగా చెప్పలేకపోయినా, తల్లిదండ్రుల నిర్ణయాలకు ఈ ఫలితం నేరుగా సంబంధించినదే. కొన్ని దేశాల్లో తాగుడు కనీస వయస్సు 18, జర్మనీలో బీరు, వైన్‌లకు 16. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో 21. మహారాష్ట్రలో గట్టి మద్యానికి 25, గోవాలో 18. హైదరాబాదులో పెరిగి లండన్‌లో చదువుకునే విద్యార్థికీ, న్యూజెర్సీలో పుట్టి సెలవులకు గోవా వెళ్ళే అమ్మాయికీ చట్టం విమానంలోనే మారిపోతుంది. వారి మెదడు మారదు.

కాబట్టి ఇళ్ళల్లో తరచు వినిపించే రెండు మాటలను పునరాలోచించవలసి ఉంది. మొదటిది, ‘మావాడు రెండు బీర్లు తాగినా మామూలుగానే ఉంటాడు’ అన్న తండ్రి నిశ్చింత. పదిహేడేళ్ళ కొడుకు మామూలుగా ఉండటం అతని వయస్సు లక్షణం కావచ్చు, కుటుంబం నుంచి సంక్రమించిన తక్కువ స్పందన కావచ్చు. రెండింటిలో ఏదైనా భరోసా ఇచ్చేది కాదు. తాతకో మేనమామకో తాగుడు వ్యాధి ఉన్న కుటుంబంలో అయితే మరీ కాదు. రెండవది, ‘ఇంట్లోనే కొద్దికొద్దిగా అలవాటు చేస్తే బయట అతిగా తాగడు’ అన్న నమ్మకం. అలవాటు చేయడమంటే తట్టుకునే శక్తిని పెంచడమే. ఆపవలసిన కళ్ళెం అప్పటికే వదులుగా ఉన్న వయస్సులో దాన్ని ఇంకాస్త వదులు చేయడం వల్ల పిల్లవాడికి కలిగే మేలు ఏమిటో ఈ పరిశోధన చరిత్రలో ఎక్కడా కనిపించదు.